పరిసరాలు కూడా పరిచర్యలో భాగమే

బైలాడీలా అనగానే మన సంస్థలో ఎవరికైనా మొదట స్ఫురించేది ఇనుప ఖనిజం. ఎద్దు మూపురాన్ని పోలిన ఆ కొండలలో 1968లో కిరండూల్ వద్ద, 1977లో బచేలీ వద్ద ఉత్పత్తి ఆరంభమైన సంగతి పాఠకులకు విదితమే. ఆ కొండల పాదాన వెలసిన ఆసుపత్రులను గురించి మాత్రం మనం మాట్లాడుకొనేది తక్కువ. ఉద్యోగుల కోసం నెలకొల్పినవే అయినా, వాటి మెట్లు ఎక్కేవారిలో చుట్టుపట్ల పల్లెల గిరిజనులు కూడా ఉన్నారు. వారి కళ్ళతో ఒక్కసారి ఆసుపత్రి గదిని చూడవలసి ఉన్నది.

పుట్టినది మొదలు చాపమీదనో నులకమంచంమీదనో నలుగురి నడుమ నిద్రించిన మనిషి అతడు. ఎత్తైన ఇనుప మంచం, రాత్రంతా ఆరని ట్యూబులైటు, ఫినాయిలు వాసన, తెలియని భాషలో ఆజ్ఞలు. జ్వరం కంటె భయమే పెరుగుతుంది. తెల్లవారేసరికి మంచం ఖాళీ! దీనిని మూఢత్వమని కొట్టివేయడం సులభం. కాని క్షయ వంటి వ్యాధికి సాధారణంగా 6 నెలలు మందులు వాడవలసి ఉండగా మొదటి వారంలోనే వెళ్ళిపోయినవాని గతి ఏమిటి?

ఈ విషయం కొత్తది కాదు. స్వచ్ఛమైన గాలి, వెలుతురు, నిశ్శబ్దం నర్సు బాధ్యతలేనని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860 నాటికే రాశారు. రోగి గదిలో గుసగుసలాడటాన్ని ఆమె క్రూరత్వంగా భావించారు. మన వార్డులలో సందర్శకులు చేసే పని సరిగ్గా అదే కదా! 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది రికార్డులను పోల్చి చూశారు. కిటికీలోనుండి చెట్లు కనిపించిన 23 మంది సగటున 8 రోజుల లోపే ఇల్లు చేరగా, ఇటుక గోడ కనిపించిన 23 మందికి 8.7 రోజులు పట్టింది. చెట్లు చూసినవారికి బలమైన నొప్పి మందుల అవసరమూ తగ్గింది.

బస్తరులో చెట్లకు కొరత లేదు. కిటికీ తెరిస్తే చాలును. అయితే మలేరియా పీడిత ప్రాంతంలో కిటికీ తెరవడమంటే దోమకు దారి ఇవ్వడమే. జాలీ లేని కిటికీ వద్ద నైటింగేల్ సూత్రం ఒక్కటే సరిపోదు. అలాగే గాలి ధారాళంగా రావాలి కాని రోగికి చలి తగలరాదని ఆమె చేసిన హెచ్చరికకు ఇక్కడ ప్రత్యేకమైన అర్థమున్నది. మధ్య భారత గిరిజనులలో కొడవలి కణ రక్తహీనత ఎక్కువ. చలి, శరీరంలో నీటి కొరత ఆ రోగులలో భరించరాని నొప్పిని రేపగలవు. పుష్యమాసపు రాత్రి బైలాడీలా గాలిలో అదనంగా కప్పిన కంబళి, పక్కన పెట్టిన మంచినీళ్ళ చెంబు, ఈ రెండూ మా దృష్టిలో మందు చీటీలో రాయదగినవే.

పరిసరాలంటే గోడలు, కిటికీలే కావు. చెవిన పడే మాట కూడా. గిరిజన బాలికలను హైదరాబాదులోని అపోలో నర్సింగు విద్యాసంస్థలో చదివించేందుకు మన సంస్థ 2011లో ఆరంభించిన బాలికా శిక్షా యోజన విలువ ఇక్కడ తెలుస్తుంది. దంతేవాడ పల్లె నుండి మహానగరపు హాస్టలుకు వచ్చిన పిల్లకు కొత్త చోట కలిగే బెరుకు ఏమిటో ఎవరూ బోధించనక్కరలేదు. ఆమె స్వస్థలానికి తిరిగి వెళ్ళి వార్డులో గోండీలో పలకరిస్తే, మంచం మీది ముసలమ్మ సూదికి చేయి చాచడానికి అంతగా జంకదు.

బంధువుల సంగతి మరొకటి. ఒక్క రోగితో నలుగురు రావడం మన సిబ్బందికి విసుగు పుట్టించే మాట నిజమే. వార్డులో గుంపు వద్దు, సరే. కాని ఆవరణలో ఒక నీడ, వండుకొనేందుకు పొయ్యి, నీళ్ళ కుళాయి, రాత్రి ఒకరు రోగి పక్కన ఉండే అనుమతి, ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అక్కడ దీర్ఘకాలం పనిచేసిన మన తెలుగు కుటుంబాలలో పలువురికి హల్బీ నాలుగు మాటలు వచ్చును. రోగిని చూడబోయినప్పుడు పళ్ళతో పాటు ఆ నాలుగు మాటలను కూడా వెంట తీసుకొని వెళ్ళవలసినదిగా మా మనవి.