మేత మానే వేళను నిర్ణయించేదెవరు?

చిలమత్తూరు మండలంలో పట్టుపురుగులు పెంచే ఇళ్లలో అయిదో దశ వచ్చిందంటే ఎవరికీ తీరిక ఉండదు. పురుగు తన జన్మలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఈ ఏడెనిమిది రోజుల్లోనే తింటుంది. పగలూ రాత్రీ మల్బరీ కోసి వేస్తూనే ఉండాలి. అంత ఆబగా తినే పురుగు ఓ పూట ఉన్నట్టుండి మేత మానేస్తుంది. ఒళ్లు మెరుగు తేలి పసుపు ఛాయకు తిరుగుతుంది. తల పైకెత్తి చోటు కోసం వెతుకుతుంది. పురుగు పండిందని గుర్తుపట్టిన రైతు దాన్ని గూడు కట్టుకునే చంద్రికలకు ఎక్కిస్తాడు. రెండు మూడు రోజుల్లో గూడు పూర్తవుతుంది. ఆ తర్వాత హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు దారి పడుతుంది.

మేత చాలు, ఇక గూడు కట్టమని పురుగుకు చెప్పిందెవరు? ఈ ప్రశ్న వెంట పడిన శాస్త్రవేత్తలకు పురుగు సంగతే కాదు, మన ఒంట్లో నరాలూ హార్మోన్లూ కలిసి పనిచేసే తీరు కూడా తెలిసొచ్చింది.

రెండు దారుల్లో కబురు

రాత్రిపూట మల్బరీ తోటలో కాలి ముందు పాము కదిలిందనుకోండి. ఆలోచించేలోపే మనిషి వెనక్కి గెంతుతాడు. అది నరాల పని. కండరాలను కదిలించే నరాల్లో విద్యుత్ సంకేతం సెకనుకు వంద మీటర్ల వరకూ పరుగెత్తగలదు. పాము వెళ్లిపోయాక కూడా గుండె దడదడలాడుతూనే ఉంటుంది, అరచేతులు చెమరుస్తాయి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి వదిలిన అడ్రినలిన్ అనే హార్మోన్‌కు ఇందులో పెద్ద వాటా ఉంది. అది విరిగి కరిగిపోయేదాకా గుండె నెమ్మదించదు.

నరం కబురు ఒక చిరునామాకే చేరుతుంది. హార్మోన్ కబురు ఊళ్లో వేసిన దండోరా లాంటిది. రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది, కానీ ఎవరికి సంబంధించిందో వాళ్లే కదులుతారు. ఆ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉన్న కణాలే స్పందిస్తాయి, మిగతావి పట్టించుకోవు.

1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు వెళ్లే నరాలన్నీ కోసేశారు. ఆ ముక్కలో ఆమ్లం పోస్తే క్లోమం మామూలుగానే జీర్ణరసం వదిలింది. నరం లేకపోయినా రక్తం ద్వారా కబురు అందిందన్నమాట. 1905లో స్టార్లింగ్ ఇలాంటి రసాయనాలకు హార్మోన్లని పేరు పెట్టాడు. నరాల విషయానికొస్తే, 1921లో ఆటో లూయీ కప్ప గుండెల మీద ప్రయోగం చేసి, నరం కొస దగ్గర కబురును దాటించేది కూడా ఒక రసాయనమేనని చూపాడు. రెండు దారులూ మొదట అనుకున్నంత వేరు కావన్నమాట.

దారం కట్టిన గొంగళి

అసలు గట్టి ఆధారం ఒక గొంగళిపురుగు దగ్గర దొరికింది. పోలండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కోపెచ్ జిప్సీ మాత్ అనే చిమ్మట గొంగళులను తీసుకుని, చివరి దశ తొలి రోజుల్లో నడుముకు దారం బిగించి కట్టాడు. ముందు సగం ప్యూపాగా మారింది, వెనక సగం గొంగళిగానే ఉండిపోయింది. కొన్ని రోజులు ఆగి కడితే రెండు సగాలూ మారాయి. మెదడు తీసేస్తే మార్పు ఆగిపోయింది. నాడీతంత్రిని మాత్రమే తెగ్గోస్తే ఆగలేదు. అంటే కబురు మెదడు నుంచే బయల్దేరుతోంది, కానీ నరం మీద కాదు, రక్తంలో వెళుతోంది. 1917లోనూ 1922లోనూ ఆయన ఈ సంగతి ప్రకటించాడు. మెదడు కూడా గ్రంథిలా పనిచేస్తుందనడానికి ఇదే తొలి రుజువు.

తర్వాత పట్టుపురుగులోనే ఈ వరుస తేటపడింది. మెదడులోని కొన్ని నాడీకణాలు పీటీటీహెచ్ అనే హార్మోన్‌ను వదులుతాయి. అది ఛాతీలో ఉన్న గ్రంథిని తట్టి లేపుతుంది. ఆ గ్రంథి ఎక్‌డైసోన్‌ను తయారుచేస్తుంది. పాత చర్మం వదలమని చెప్పేది అదే. అయితే మెదడు వెనకున్న మరో జత గ్రంథులు జువనైల్ హార్మోన్‌ను వదులుతుంటాయి. అది రక్తంలో ఉన్నంతకాలం ఎక్‌డైసోన్ ఆజ్ఞకు పురుగు ‘జ్వరానికి’ (చర్మం విడిచే దశకు) వెళ్లి, చర్మం మార్చి, మరింత పెద్ద పురుగుగా లేస్తుంది. ఇలా నాలుగు జ్వరాలు. అయిదో దశలో జువనైల్ హార్మోన్ తగ్గిపోతుంది. ఆ తర్వాత వచ్చిన ఎక్‌డైసోన్‌కు అర్థం మారిపోతుంది: పురుగు మేత మాని, గూడు కట్టి, ప్యూపా అవుతుంది.

మన తలలోనూ ఇదే వరుస

మనిషి మెదడు అడుగున హైపోథాలమస్ ఉంటుంది. దాని కిందే బఠానీ గింజంత పిట్యూటరీ గ్రంథి. హైపోథాలమస్‌లోని నాడీకణాలు పిట్యూటరీకి హార్మోన్లు పంపుతాయి, పిట్యూటరీ థైరాయిడ్‌నూ అడ్రినల్‌నూ నడిపిస్తుంది. అడ్రినల్ వదిలిన కార్టిసాల్ రక్తంలో తగినంత చేరగానే తిరిగి మెదడుకు తెలుస్తుంది, పైనుంచి ఆజ్ఞ తగ్గుతుంది.

తల్లి పాలు ఇందుకు మంచి ఉదాహరణ. బిడ్డ చప్పరించగానే నరాల ద్వారా మెదడుకు తెలుస్తుంది. హైపోథాలమస్ కణాలు ఆక్సిటోసిన్‌ను పిట్యూటరీ వెనక భాగం గుండా రక్తంలోకి వదులుతాయి. అది రొమ్ముకు చేరి పాలు దిగేలా చేస్తుంది. వెళ్లేది నరం మీద, వచ్చేది రక్తంలో.

పోలిక ఇంతటితో ఆగదు. 1954లో జర్మనీలో బుటెనాన్ట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్‌డైసోన్ స్ఫటికాలు తీశారు. అది స్టెరాయిడ్ అని తర్వాత తేలింది. మన కార్టిసాల్, టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్ కూడా ఆ కుటుంబానివే. 1960లో ఒక ఈగజాతి లార్వాకు ఎక్‌డైసోన్ ఎక్కిస్తే క్రోమోజోముల మీద కొన్ని చోట్ల ఉబ్బులు కనిపించాయి. స్టెరాయిడ్ హార్మోన్ నేరుగా జన్యువులనే మేల్కొలుపుతుందని అలా తెలిసింది. అడ్రినలిన్ క్షణాల్లో పనిచేస్తే, స్టెరాయిడ్ల ప్రభావానికి గంటలూ రోజులూ పట్టేది అందుకే.

మోతాదు, సమయం

ఈ శాస్త్రం పట్టుపురుగుల షెడ్డులోకి ఎప్పుడో వచ్చేసింది. పురుగులన్నీ ఒకేసారి పండడానికి రైతులు ఆకు మీద చల్లే ‘సంపూర్ణ’లో ఉన్నది ఎక్‌డైసోన్‌ను పోలిన మొక్కల పదార్థం. కొన్ని పురుగులు పండడం మొదలయ్యాకే దాన్ని చల్లాలి. తొందరపడి ముందే చల్లితే పురుగు తినాల్సిన ఆకు తినకుండానే గూటికి వెళుతుంది, గూడు తేలిపోతుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య పైరిప్రాక్సిఫెన్ వంటి పురుగుమందులతో వస్తుంది. అవి జువనైల్ హార్మోన్‌లా నటిస్తాయి. పక్క పొలంలో పిచికారీ చేసినప్పుడు గాలికి మల్బరీ మీద పడితే, పురుగులు తింటూనే ఉండి గూడు కట్టకుండా పోతాయి. పక్క రైతుతో ముందే మాట్లాడుకోవడం, మందు డబ్బా మీద పేరు చదవడం తప్పనిసరి.

ఇదే జాగ్రత్త సొంత ఒంటి విషయంలోనూ కావాలి. ఒళ్లునొప్పులకనో ఆయాసానికనో డాక్టరు చీటీ లేకుండా ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు వారాల తరబడి మింగితే, కార్టిసాల్ సరిపడా ఉందని మెదడు భ్రమపడుతుంది. అడ్రినల్‌కు ఆజ్ఞ ఆగిపోతుంది, గ్రంథి పని మరిచిపోతుంది. అప్పుడు మాత్రలు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. చాలాకాలంగా వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. పురుగుకు వేసే మందు మోతాదునూ వేళనూ అంత లెక్కగా చూసుకునే రైతు, తాను మింగే మాత్రకూ ఆ లెక్క చూసుకోవాలి.