పాత కంప్యూటర్ అమ్ముతున్నారా? డిస్కు తుడిచే ముందు, తుడిచేటప్పుడు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి మన ఇళ్లలో చాలామంది పాత కంప్యూటర్‌ను మార్చే ఆలోచనలో ఉన్నారు. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా, ముంబై లామింగ్టన్ రోడ్డులోనైనా పాత డిస్కుకు కొనేవాళ్లు దొరుకుతారు. ఆధార్, పాన్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల టీసీలు, భాషా మైనారిటీ ధ్రువపత్రాల స్కాన్‌లు అన్నీ అందులోనే ఉంటాయి.

ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే అవి పోయినట్టు కాదు. మామూలు హార్డ్ డిస్కులో అది పుస్తకంలోని విషయసూచిక చింపేయడం లాంటిది. పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్త సమాచారం పడేదాకా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీయవచ్చు. క్విక్ ఫార్మాట్ చేసినా ఇదే పరిస్థితి.

ముందు తెలుగు ఫైళ్లు చూడండి

బాగా తుడిచిన డిస్కు నుంచి ఇక ఏదీ తిరిగి రాదు. అందుకే మొదటి పని బ్యాకప్. మన ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. తాతగారి జ్ఞాపకాలు, సంఘం సావనీర్లు, పెళ్లి శుభలేఖలు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే వాటిని తెరిచి పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. అసలు ఫైళ్లనూ ఉంచుకోండి, తర్వాత యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. అన్నిటినీ రెండు చోట్ల దాచి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే ముందుకు వెళ్లండి.

తుడిచే పద్ధతి

విండోస్ నడుస్తున్న సీ డ్రైవ్‌ను విండోస్ లోపలి నుంచి ఫార్మాట్ చేయడం కుదరదు. మరో దారి ఉంది. ముందు బ్యాకప్ డిస్కు, పెన్‌డ్రైవ్‌లు తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్లి 'రీసెట్ దిస్ పీసీ' నొక్కండి. విండోస్ 10లో ఇది 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ' కింద ఉంటుంది. 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని అక్కడితో ఆగకండి. 'చేంజ్ సెట్టింగ్స్'లోకి వెళ్లి డేటాను శుభ్రం చేసే ఆప్షన్ ఆన్ చేయండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. పెద్ద డిస్కయితే గంటలు పడుతుంది, మధ్యలో ఆపకండి. ఇది ఇంటి వాడకానికి ఉద్దేశించినదే తప్ప ప్రభుత్వ, పారిశ్రామిక ప్రమాణాలకు సరిపోదని మైక్రోసాఫ్టే చెబుతోంది.

డిస్కు ఏ రకమో తెలుసుకోవడం ముఖ్యం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్‌లో చూస్తే హెచ్‌డీడీనో ఎస్‌ఎస్‌డీనో తెలుస్తుంది. హెచ్‌డీడీ అయితే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే డీబ్యాన్ లాంటి ఉచిత సాధనంతో డిస్కంతా కొత్త సమాచారం రాయించవచ్చు. నేటి డిస్కులకు సాధారణంగా ఒక్కసారి రాస్తే చాలు. ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మదగినది కాదు. అది సమాచారాన్ని తనలో తాను చోట్లు మారుస్తూ ఉంటుంది కాబట్టి కొన్ని భాగాలు మిగిలిపోవచ్చు. దానికి తయారీ సంస్థ ఇచ్చే సాధనంలోనో, బయోస్‌లోనో ఉండే 'సెక్యూర్ ఎరేజ్' వాడాలి. అది లేకపోతే, బిట్‌లాకర్ సౌకర్యం ఉన్నచోట మొత్తం డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత రీసెట్ చేయండి.

కంప్యూటర్ అసలు ఆన్ కాకపోతే డిస్కును విప్పించి ఇంట్లోనే ఉంచుకోండి. డిస్కు లేకుండా అమ్మితే ధర కాస్త తగ్గుతుందేమో గానీ, మన కాగితాలు మన దగ్గరే ఉంటాయి.