ఇంజనుకు కొలిమితిత్తి: టర్బో పీడనము, దాని లోపములు

కమ్మరి కొలిమిలో తిత్తి నొత్తిన కొలదియు నిప్పు ప్రజ్వరిల్లుట మన మెరిగినదే. బొగ్గు ఎంత వేసినను గాలి చాలకున్న మంట రాదు. పొగ మాత్రము వచ్చును. మోటారు కారు ఇంజనుకును ఈ సూత్రమే వర్తించును. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. ఇంజను తనంత తాను పీల్చుకొను గాలి దాని సిలిండర్ల పరిమాణమునకు లోబడి యుండును. కావున చిన్న ఇంజనుచేత పెద్ద పని చేయించవలెనన్న దానికొక తిత్తి నమర్చవలెను. ఆ తిత్తియే టర్బో.

స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ పద్ధతికి పేటెంటు పొందెను. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానపు ఇంజనును పైక్స్ పీక్ అను పర్వతముపైకి కొనిపోయి, సుమారు 4,300 మీటర్ల ఎత్తున, పలుచని గాలిలో టర్బోను పరీక్షించెను. 1962లో అమెరికాలో టర్బో గల కార్లు రెండు అమ్మకమునకు వచ్చినవి. నేడు మన దేశములోని డీజిలు కార్లన్నిటికిని దాదాపుగా టర్బో ఉన్నది. చిన్న పెట్రోలు కార్లలో ననేకము దానిని ధరించినవి. అమీర్‌పేట, పంజగుట్ట కూడళ్లలో పచ్చదీపమునకై నిలిచియున్న కార్లలో ఎన్నింటిలో ఈ చిన్న చక్రము తిరుగుచున్నదో బయటికి తెలియదు. అది చెడినపుడు మాత్రము వెంటనే తెలియును. ఫ్లైఓవరు ఎక్కుచుండగా బలము తగ్గిపోవును. ఇంజను దీపము వెలుగును. కారు బరువు లాగుచున్న ఎద్దువలె నీరసించును.

అట్టి సందర్భమున టర్బో పోయినదని వెంటనే తీర్మానించి క్రొత్తది వేయించుట కలదు. దాని వెల వేల రూపాయలు. అసలు దోషము ఒక్కొక్కప్పుడు కొన్ని వందల రూపాయల రబ్బరు గొట్టములో ఉండును. కావున దోషమును వెదకు క్రమమును తెలిసికొనుట కారు గలవారికిని, కారు బాగుచేయువారికిని లాభదాయకము.

టర్బో పనిచేయు విధము

సిలిండరునుండి వెలువడు వేడి పొగలో ఇంకను చాల శక్తి మిగిలియుండును. ఆ పొగ దారిలో ఒక రెక్కల చక్రము నుంచిన అది గిరగిర తిరుగును. అదే ఇరుసు రెండవ కొనయందున్న మరియొక చక్రము బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోనికి పంపును. ఈ ఇరుసు నిమిషమునకు రెండు లక్షల చుట్ల వరకు తిరుగగలదు.

నొక్కిన గాలి వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగము కాలుట మన మెరుగుదుము గదా! 30 డిగ్రీల గాలిని దాదాపు రెట్టింపు పీడనమునకు నొక్కిన, అది 110 డిగ్రీలు దాటవచ్చును. వేడి గాలి వ్యాకోచించుటచే తిత్తి వలన కలిగిన లాభము కొంత పోవును. అందుచే దానిని ఇంటర్‌కూలర్ అను చల్లార్చు పెట్టెద్వారా పంపుదురు. అట్లు చల్లార్చి 50 డిగ్రీలకు తెచ్చిన గాలి, 180 కిలోపాస్కళ్ల పీడనమున, లీటరుకు 1.94 గ్రాములు తూగును. బయటి గాలి హైదరాబాదులో 30 డిగ్రీలవద్ద లీటరుకు 1.09 గ్రాములే. అనగా అదే సిలిండరులో సుమారు ముప్పాతిక వంతు ఎక్కువ గాలి పట్టినది.

అయితే మితిమీరిన పీడనము ప్రమాదము. పెట్రోలు ఇంజనులో మిశ్రమము సకాలమునకు ముందే తనంత తాను పేలి, సుత్తితో కొట్టినట్లు పిస్టనును దెబ్బతీయును. కావున తిత్తికి పగ్గము కావలెను.

చెరువునకు మత్తడి, టర్బోకు పక్కతలుపు

చెరువు నిండినపుడు మత్తడి దుమికి అదనపు నీరు పోవును, కట్ట నిలుచును. టర్బోకును అట్టి ఏర్పాటే ఉన్నది. పొగ చక్రమునకు ప్రక్కనుండి పోవుటకొక చిన్న తలుపుండును. దానిని వేస్ట్‌గేట్ అందురు. ఆ తలుపును ఒక స్ప్రింగు మూసియుంచును. టర్బో పుట్టించిన పీడనమునే ఒక గొట్టముద్వారా తెచ్చి, స్ప్రింగునకు ఎదురుగా నున్న పలుచని పొరపై పడునట్లు చేయుదురు. పీడనము స్ప్రింగును మించినచో తలుపు తెరచుకొనును. కొంత పొగ చక్రమును త్రిప్పకుండ తప్పించుకొనిపోవును. చక్రపు వేగము తగ్గును.

మత్తడి ఎత్తు మారదు. తూమువద్ద నీరటి ఉన్నచో అక్కర ననుసరించి నీటిని విడువగలడు. నేటి కార్లలో ఆ నీరటి పని కంప్యూటరుది. పొరకు పోవు గొట్టము మధ్య సొలినాయిడ్ అను విద్యుత్ కవాటముండును. అది సెకనుకు ఎన్నో పర్యాయములు తెరచుకొనుచు, మూసికొనుచు, పొరపై పడవలసిన పీడనములో కొంత ప్రక్కకు వదలును. స్ప్రింగు 50 కిలోపాస్కళ్లకు లొంగునది యనుకొందము. మనకు బయటి గాలికంటె 85 ఎక్కువ కావలెను. అపుడు కవాటము ఆ 85లో 50 మాత్రమే పొరకు అందునట్లు చూచును. పొర మోసపోయి తలుపును ఆలస్యముగా తెరచును. ఇంజనుకు పోవు దారిలోని పీడన సెన్సరు ఫలితమును కంప్యూటరుకు తెలుపుచుండును. అది కోరినదానిని, అందినదానిని పోల్చి కవాటమును సవరించుచుండును. స్వీడనుకు చెందిన సాబ్ కంపెనీ 1980 దశకపు తొలి సంవత్సరములలోనే, ఇంజనులోని పేలుడు చప్పుడును వినుచు పీడనమును తగ్గించు విద్యుత్ పద్ధతిని తన కార్లలో ప్రవేశపెట్టినది.

ఎచ్చటినుండి కొలువవలెను?

బల్కంపేట ఎల్లమ్మ గుడిలో అమ్మవారి విగ్రహము నేలమట్టమునకు దిగువన ఉన్నది. ఆ గుడిలో వ్రేలాడు గంట ఎంత ఎత్తున నున్నదని అడిగినచో, వీధినుండి కొలిచిన ఒక అంకెయు, గర్భాలయపు నేలనుండి కొలిచిన మరియొక అంకెయు వచ్చును. రెండును నిజమే. పీడనము విషయమును అట్టిదే. శూన్యమునుండి కొలిచినది పరమ పీడనము. బయటి గాలిమీద ఎంత అధికమని కొలిచినది గేజి పీడనము. కారు కంప్యూటరు సాధారణముగా మొదటి లెక్కలో మాటలాడును. మెకానికు చేతిలోని ముల్లు గేజి రెండవ లెక్కలో మాటలాడును.

మన నగరమున ఈ భేదము మరింత ముఖ్యము. బల్కంపేటకు సమీపమున నున్న బేగంపేట విమానాశ్రయము సముద్రమట్టమునకు 531 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచట గాలి పీడనము సుమారు 95 కిలోపాస్కళ్లు. విశాఖపట్టణపు సముద్రతీరమున 101. ఇంజను నాపి తాళము మాత్రము త్రిప్పి చూచినపుడు ఇచటి కారు సెన్సరు 95 చూపినచో అది ఆరోగ్య లక్షణము. పుస్తకములో 101 అని యున్నదని మంచి సెన్సరును పారవేయుట తగదు. అంతియేకాదు, 180 పరమ పీడనమునకై విశాఖలో టర్బో 79 చేర్చిన చాలును. ఇచట 85 చేర్చవలెను. అనగా అదే కారు ఇచట చక్రమును మరింత వేగముగా త్రిప్పవలెను. ఎచ్చటనైన చిన్న కారుట ఉన్నచో అది ఇచట ముందుగా బయటపడును.

మొదటి ప్రశ్న

వెదకుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: కంప్యూటరు కోరికయే తగ్గినదా? లేక కోరినది అందలేదా? స్కానరు తగిలించి, బండి నడుపుచు, కోరిన పీడనమును, అందిన పీడనమును ప్రక్కప్రక్కన చూచినచో ఇది తేలును. పరీక్షకు ఇద్దరుండవలెను, ఒకరు నడుపవలెను, రెండవవారు అంకెలు చూడవలెను. రద్దీ లేని రోడ్డు కావలెను. పంజగుట్ట రద్దీలో టర్బో పూర్తిగా పనిచేయు అవకాశమే రాదు.

రెండు అంకెలును కలిసి తగ్గియున్నచో పీడన నియంత్రణ బాగుగనే ఉన్నది. కంప్యూటరే జాగ్రత్తపడుచున్నది. మే మాసపు ఎండలో లోనికి వచ్చు గాలి మిక్కిలి వేడిగా నున్నను, పేలుడు చప్పుడు వినబడినను, ఇంజను మరిగినను అది కోరికను తగ్గించును. అపుడు వేడికి కారణము వెదకవలెను. ఇంటర్‌కూలర్‌పై మట్టి, చెత్త తొలగించవలెను.

కోరినది అందకున్నచో స్కానరు సాధారణముగా పి 0299 అను సంకేతము చూపును. కోరినదానికంటె ఎక్కువైనచో పి 0234. పి 0243 అనునది వేస్ట్‌గేట్ సొలినాయిడ్ విద్యుద్వలయములోని దోషము. సంకేతము రోగలక్షణమును చెప్పును. రోగమును మనము కనుగొనవలెను.

పీడనము చాలనపుడు

స్ప్రింగు బలము తెలిసినచో ఒక చిన్న లెక్క చాల శ్రమ తప్పించును. కవాటము పూర్తిగా చచ్చినను స్ప్రింగు ఒంటరిగా తన 50 తాను నిలుపవలెను. హైదరాబాదులో అది 95, 50 కలిసి 145. బరువు మీద ఉన్న ఇంజనులో పీడనము సరిగా 145 వద్ద ఆగినచో కవాటమును, దాని తీగలను అనుమానింపవలెను. 130కి మించి రాకున్నచో కవాటము నిర్దోషి. గాలి కారుచుండవలెను, లేక తలుపు మూసికొనకుండవలెను, లేక పొగదారి మూసుకొని యుండవలెను.

తరువాత క్రమము ఇది. గాలి ఫిల్టరును చూడవలెను. టర్బోనుండి ఇంజనువరకు గల గొట్టములను, క్లిప్పులను తడిమి చూడవలెను. నూనె జిడ్డు చారలు కారుటకు గుర్తు. గొట్టముల దారిని మూసి, సుమారు ఒక వాతావరణపు పీడనమునకు తగ్గించిన గాలిని లోనికి పంపి, సబ్బునీరు చల్లినచో బుడగలు దోషస్థానమును చూపును. సైకిలు ట్యూబు పంక్చరు కనుగొను పద్ధతియే ఇది. షెడ్డులోని కంప్రెసరు గాలిని తగ్గింపక నేరుగా వదలిన గొట్టము పగిలి గాయపరచును.

పిమ్మట ఇంజను చల్లారిన తరువాత చేతిపంపుతో పొరకు పీడనమిచ్చి, తలుపు కడ్డీ మెత్తగా కదలుచున్నదా, పీడనము నిలుచుచున్నదా చూడవలెను. కడ్డీ కదలి ముల్లు పడిపోవుచున్నచో పొర చినిగినది. సొలినాయిడుకు విద్యుత్తు వచ్చుచున్నదో లేదో మల్టీమీటరుతో చూచి, తీగచుట్ట నిరోధమును ఆ కారు పుస్తకములోని అంకెతో పోల్చవలెను. ఇవి యన్నియు సరిగా నున్నపుడే టర్బో ఇరుసు ఆటను, రెక్కలను పరీక్షింపవలెను. అది చివరి అనుమానితుడు.

ఒక ఉదాహరణ. కోరినది 180, అందినది 130. కవాటమునకు కంప్యూటరు దాదాపు పూర్తి ఆజ్ఞ నిచ్చుచున్నది. పాపము, అది తన శక్తికొలది ప్రయత్నించుచున్నది. తాళము త్రిప్పిన సెన్సరు 95 చూపినది, పొర మంచిది, సబ్బునీటికి ఇంటర్‌కూలర్ క్రింది గొట్టమువద్ద బుడగలు లేచినవి. గొట్టము మార్చి మరల రోడ్డుపై చూచిన 178 అందును. ఆజ్ఞయు మధ్యస్థమునకు దిగును. ఆజ్ఞ తగ్గుటయే వైద్యము కుదిరినదనుటకు నిజమైన సాక్ష్యము.

ఒకే చిల్లు, రెండు ఫలితములు

అన్ని కార్లలో ఏర్పాటు ఒకటి కాదు. పీడనముతో తలుపు తెరచు పద్ధతిలో పొరకు పోవు సన్నని గొట్టము ఊడినచో తలుపు తెరచుకొనదు, పీడనము మితిమీరును. డీజిలు కార్లలో పెక్కింటియందు శూన్యపు పంపు లాగుడుతో టర్బో రెక్కలను కదలించు పద్ధతి ఉన్నది. అచట అట్టి గొట్టమే ఊడినచో పీడనము పడిపోవును, నల్లని పొగ రావచ్చును. ఆ రెక్కలమధ్య మసి పేరుకొని బిగిసికొనుటయు కలదు. మరికొన్ని క్రొత్త కార్లలో చిన్న విద్యుత్ మోటారే తలుపును త్రిప్పును. కావున మన కారు ఏ జాతిదో ముందుగా తెలిసికొనవలెను.

బలము పెంచుటకని పొర గొట్టమునకు మధ్య చిల్లు పెట్టి, మరయొకటి బిగించువారు కలరు. దానిచే పొర తక్కువ పీడనమును చూచును, బండి కొంతకాలము ఎగిరిపడును. కాని అది నీరటికి గంతలు కట్టి చెరువు నింపుట వంటిది. కట్ట తెగినపుడు పోవునది మరకాదు, పిస్టను.

పీడనము మితిమీరినట్లు సంకేతము వచ్చినచో, దోషము తెలియువరకు యాక్సిలరేటరును మెల్లగా త్రొక్కుచు షెడ్డువరకు మాత్రమే నడుపవలెను. పీడనము చాలనపుడు బండి నడచునుగాని, ఎదురు లారీని చూచుకొని ముందు బండిని దాటబోవువేళ నమ్మిన బలము రాదు. రెండు స్థితులలోను సంకేతమును చెరిపివేసి ఊరకుండుట చికిత్స కాదు. సంకేతమును చెరుపుటకు ముందు దానితోబాటు నమోదైన వేగము, పీడనము, ఉష్ణోగ్రతలను కాగితముపై వ్రాసికొనిన, వెదకువానికి అవియే మొదటి దారిగుర్తులగును.