గుంటలోంచి గుంటలోకి

రండ్రా, ఆ చాప ఇటు లాగండి. చేపకి బుర్ర ఉండదు, చూసింది చూసినట్టే మర్చిపోతుంది అన్నదెవర్రా పొద్దున? నువ్వేనా? అయితే ముందుకొచ్చి కూర్చో. ఇవాళ్టి కబురు నీకోసమే.

బహామా దీవుల్లో బిమినీ అని ఒక చోటుంది. అక్కడి సముద్రపు రాళ్లమధ్య గోబీల్లో ఓ రకం చేప బతుకుతుంది. మహా పెరిగితే 15 సెంటీమీటర్లు. మన కోరింగ మడ అడవుల్లో బురదమీద గెంతే చేపలు లేవూ, వాటికి చుట్టమే. పొట్టకింది రెక్కలు రెండూ కలిసిపోయి గిన్నెలా ఉంటాయి. వాటితో రాయిని పట్టుకుంటే అల కొట్టినా కదలదు.

పోటు వేళ రాళ్లన్నీ మునిగిపోతాయి. నీళ్లు తీశాక అక్కడక్కడ గుంటలు మిగులుతాయి, గోబీ ఒక గుంటలో ఉండిపోతుంది. ఏ శత్రువో వచ్చిందనుకోండి, ఎటు పోవాలి? చటుక్కున ఎగిరి పక్క గుంటలో పడుతుంది. అక్కణ్ణుంచి ఇంకో గుంట. అలా అలా ఒక్కోసారి సముద్రందాకా పోతుంది. తమాషా ఏంటంటే, ఉన్న గుంటలోంచి చూస్తే పక్క గుంట కనపడదు. గురి తప్పితే ఎండకి కాలిన రాయిమీద పడి చావాల్సిందే!

లెస్టర్ ఆరన్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తకి ఇది పట్టుకుంది. 1951లో దీనిమీద రాశాడు. పోటు వేళ ఆ రాళ్లమీదుగా ఈదుతున్నప్పుడే చేప ఎక్కడ పల్లమో, ఎక్కడ మెరకో గుర్తుపెట్టుకుంటుందేమోనని అతని ఊహ. కరెంటు పోతే మీ మామ్మ చీకట్లోనే నడిచి వెళ్లి అగ్గిపెట్టె తీసుకొస్తుందే, అలాగన్నమాట.

ఊహతో సరిపెట్టుకుంటే సైన్సెలా అవుతుంది? గుంటలు తానే కట్టించి, పరీక్ష పెట్టి, 1971లో మళ్లీ రాశాడు. పోటులో ఈదే అవకాశం ఇవ్వని చేపలు నూటికి 15 సార్లే సరిగ్గా దూకాయి. ఒక్క రాత్రి పోటులో తిరగనిచ్చిన చేపలు? 97 సార్లు! పైగా 40 రోజుల తర్వాత కూడా ఆ దారి వాటికి గుర్తుంది. నిన్న చెప్పిన పదమూడో ఎక్కం ఎవరికి గుర్తుందర్రా? సరే సరే, అడగను.

     

 ఆస్ట్రేలియాలో ఈమధ్య రాళ్లలో ఉండే గోబీలనీ, ఇసుకలో ఉండే గోబీలనీ పక్కపక్కన పెట్టి చూశారు. దారి నేర్చుకోవడంలో రాళ్లవాటిదే పైచేయి. మెదడు ముందుభాగం కూడా వాటికే పెద్దది. ఇసుకచేపకి అంత బుర్ర దేనికి చెప్పండి? నిన్న చూసిన ఇసుక మర్నాటికి అలా ఉంటేగా!