మోటార్‌హోమ్ ఇన్వర్టర్ ఆగిపోతోందా? రిపేరా, కొత్తదా అని తేల్చేముందు మల్టీమీటర్ తియ్యండి

ఇన్వర్టర్ బీప్ బీప్‌మని అరిచి ఆగిపోతే మనం మొదట అనుమానించేది ఇన్వర్టర్‌నే. అరిచేది అదే కాబట్టి. కానీ సర్వర్ పడిపోయినప్పుడు అలర్ట్ పంపిన మానిటరింగ్ టూల్‌ని ఎవరూ తప్పుపట్టరు కదా? ఇక్కడా లెక్క అంతే. చాలాసార్లు ఇన్వర్టర్ చెప్పేది ‘నాకు జబ్బు చేసింది’ అని కాదు, ‘నాకు తిండి అందట్లేదు’ అని.

డాలస్‌లో ఉండే మా కాలేజీ సీనియర్ ఒకాయన సెకండ్ హ్యాండ్‌లో మోటార్‌హోమ్ కొన్నాడు. అదే, అమెరికాలో ఆర్‌వీ అంటారే, మంచం, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి. అందులో తొమ్మిదేళ్ల నాటి 2000 వాట్ల ఇన్వర్టర్ ఉంది. మైక్రోవేవ్ ఆన్ చేస్తే అర నిమిషంలో ఆగిపోతోంది. షాపువాళ్లు చూసి ‘పోయింది, కొత్తది వేయించుకోండి’ అన్నారు. ఫిట్టింగ్‌తో కలిపి 2000 డాలర్ల పైమాటే.

డబ్బు ఒక్కటే అయితే అన్న అంత కంగారుపడేవాడు కాదు. మూడు వారాల్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని గ్రాండ్ క్యానియన్ తీసుకెళ్లాలి. వాళ్ల నాన్నగారికి నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంది, రాత్రంతా సీప్యాప్ మెషీన్ పెట్టుకోవాలి. బుక్ అయిన మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో బండికి కరెంట్ కనెక్షన్ ఉండదు. కనెక్షన్ ఉన్న ట్రైలర్ విలేజ్ పక్కనే ఉంది గానీ స్లాట్ దొరకలేదు. రాత్రిళ్లు జనరేటర్ వెయ్యకూడదు. అంటే తెల్లారేదాకా బ్యాటరీయే దిక్కు.

12 వోల్టుల అసలు సమస్య

మన ఇళ్లలో ఇన్వర్టర్ మీద నడిచేవి నాలుగు ఫ్యాన్లు, కొన్ని లైట్లు, వైఫై రూటర్. అంతా కలిపినా 300, 350 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ల చిల్లర లాగితే సరిపోతుంది. మోటార్‌హోమ్‌లోనూ బ్యాటరీ 12 వోల్టులదే, లోడ్ మాత్రం వేరు. 1000 వాట్ల మైక్రోవేవ్ అని రాసి ఉన్నది ప్లగ్ నుంచి లాగేది దాదాపు 1500 వాట్లు. ఇన్వర్టర్‌లో పోయే పది శాతం కూడా కలిపితే బ్యాటరీ కేబుల్‌లో 139 ఆంపియర్లు పారుతాయి.

ఇప్పుడు ఇంటర్ ఫిజిక్స్‌లోని ఓమ్స్ లా గుర్తు తెచ్చుకోండి. కేబుల్ చివర లగ్ కాస్త వదులై, తుప్పు పట్టి, ఓమ్‌లో నూరో వంతు రెసిస్టెన్స్ పెరిగిందనుకుందాం. మామూలు మల్టీమీటర్‌లో ఓమ్స్ పెట్టి చూస్తే అది కనిపించను కూడా కనిపించదు. కానీ 139 ఆంపియర్ల దగ్గర అక్కడే దాదాపు 1.4 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 11.8 ఉంటే ఇన్వర్టర్‌కి చేరేది 10.4. చాలా ఇన్వర్టర్లు 10.5 దగ్గర ‘లో బ్యాటరీ’ అని ఆగిపోయేలా సెట్ చేసి ఉంటాయి. పైగా ఆ లగ్ దగ్గర పుట్టే వేడి 190 వాట్ల పైనే, అంటే మూడు నాలుగు సోల్డరింగ్ ఐరన్లు ఒకేచోట పెట్టినంత. ఇది ట్రిప్ అయ్యే సమస్య మాత్రమే కాదు, బండి తగలబడే సమస్య.

అందుకే లోడ్ లేనప్పుడు తీసిన రీడింగ్‌ని నేను నమ్మను. ఖాళీగా ఉన్నప్పుడు చచ్చిన బ్యాటరీ కూడా 12.5 చూపిస్తుంది. మైక్రోవేవ్‌లో ఒక గిన్నెడు నీళ్లు పెట్టి ఆన్ చేసి, అది నడుస్తుండగానే రెండు చోట్ల కొలవాలి. ఒకటి బ్యాటరీ పోస్టుల మీద (లగ్ మీద కాదు, పోస్టు మీదే), రెండోది ఇన్వర్టర్ టెర్మినల్స్ మీద.

రెండుచోట్లా వోల్టేజ్ ధబేల్‌మని పడిపోతే బ్యాటరీ ముసలిదైంది. బ్యాటరీ దగ్గర బాగుండి ఇన్వర్టర్ దగ్గర పడిపోతే మధ్యలో ఏదో ఉంది: కేబుల్, ఫ్యూజ్ హోల్డర్, మెయిన్ స్విచ్, లేదా లగ్. రెండుచోట్లా 12 చుట్టుపక్కల నిలబడి ఉన్నా ఆగిపోయిందంటే, అప్పుడు తప్పు ఇన్వర్టర్‌ది. ఐదు నిమిషాల పని, మీటర్ ధర ఇరవై డాలర్లు. షాపులో ఈ పరీక్ష చేశారా అని అడిగితే అన్న దగ్గర సమాధానం లేదు. బిల్లులో మాత్రం ‘డయాగ్నస్టిక్’ అని ఒక గంట చార్జ్ ఉంది.

వీడియో కాల్‌లో కొలిపిస్తే అచ్చంగా పై లెక్కే వచ్చింది: 11.8, 10.4. తర్వాత ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకోటి ఇన్వర్టర్ నెగటివ్ మీద పెట్టమన్నాను. 1.1 వోల్టులు! అంటే పాజిటివ్ వైపు దాదాపు శుభ్రం, తేడా అంతా నెగటివ్ దారిలోనే. ఆ దారిలో ఉన్న కట్ ఆఫ్ స్విచ్ బోల్టు చేత్తో తిప్పితేనే కదిలింది. వేలమైళ్లు కుదుపుల్లో తిరిగిన బండి కదా. లగ్ రుద్ది, బోల్టు బిగిస్తే మొత్తం తేడా 0.3కి వచ్చింది. మైక్రోవేవ్ నడిచింది.

ఇన్వర్టర్‌లోనే తప్పు ఉంటే?

కథ అక్కడితో అయిపోలేదు. ఇండక్షన్ స్టవ్ మీద పావుగంట వంట చేస్తే మళ్లీ ఆగింది, ఈసారి ‘ఓవర్ టెంపరేచర్’ అని. చెయ్యి పెట్టి చూస్తే బాడీ కాలుతోంది, ఫ్యాన్ తిరగట్లేదు. ఇది ఇన్వర్టర్ సొంత జబ్బే. కాకపోతే జబ్బుల్లో జలుబు లాంటిది. అదే సైజు, అదే వోల్టేజ్ బాల్ బేరింగ్ ఫ్యాన్ పదిహేను డాలర్ల లోపు వస్తుంది.

లోపల పోయే పార్టుల్ని బట్టే నిర్ణయం ఉండాలని నా అభిప్రాయం, వయసును బట్టి కాదు. ఫ్యాన్ పోతే కళ్లు మూసుకుని రిపేర్. బయటి కరెంట్‌కీ బ్యాటరీకీ మధ్య మార్చే రిలే కాలిపోతే, బోర్డు దొరికితే రిపేరే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వేడికి ఎండిపోయి ఉబ్బితే మార్చొచ్చు గానీ, సోల్డరింగ్ బాగా వచ్చినవాళ్లు చెయ్యాలి. మాస్‌ఫెట్లు పేలితే మాత్రం ఆలోచించాలి. అవి పక్కపక్కన వరసగా, లోడ్ పంచుకుంటూ పనిచేస్తాయి. ఒకటి షార్ట్ అయితే మిగతావాటినీ, వాటిని నడిపే డ్రైవర్ చిప్‌నీ లాక్కుపోతుంది. పోయినదొక్కటే మార్చి ఆన్ చేస్తే రెండో నిమిషంలో మళ్లీ ఢామ్మంటుంది. కనెక్ట్ చేయగానే మెయిన్ ఫ్యూజ్ ఎగిరిపోతోందంటే మొదటి అనుమానం వీటి మీదే. అలాంటప్పుడు ఇంకా పెద్ద ఫ్యూజ్ వేసి చూద్దాం అనే తెలివి మాత్రం వద్దు.

ఇంకో గుర్తు, బరువు. 2000 వాట్ల ఇన్వర్టర్ ఎత్తలేనంత బరువుందంటే లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టు. రాగి, ఇనుము కాబట్టి అది అంత తొందరగా చావదు, చుట్టూ ఉన్న చిన్న పార్టులు మారిస్తే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. ఒక్క చేత్తో ఎత్తగలిగే తేలికపాటి హై ఫ్రీక్వెన్సీ రకమైతే, పవర్ బోర్డు పోయాక దాని మీద ఖర్చు పెట్టడం దండగ. అన్నట్టు, మూత తీసేముందు బయటి కరెంట్, బ్యాటరీ రెండూ పీకి, కాసేపు ఆగండి. హై ఫ్రీక్వెన్సీ రకంలో లోపలి కెపాసిటర్ల మీద 170, 200 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. 12 వోల్టుల వస్తువే కదా అని వేలు పెడితే గట్టి దెబ్బే తగులుతుంది.

ఇక డబ్బు లెక్క. రిపేర్ ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనమని ఒక పాత సూత్రం ఉంది. ఫోన్లకి ఓకే, దీనికి కుదరదు. కొత్త ఫోన్ కొంటే సిమ్ మారిస్తే అయిపోయింది. కొత్త ఇన్వర్టర్‌కి మౌంటింగ్ రంధ్రాలు కలవవు, కేబుల్ పొడవు చాలదు, రిమోట్ ప్యానెల్ వేరే. కాబట్టి పోల్చాల్సింది పెట్టె మీది ధరతో కాదు, బిగించిన తర్వాతి ధరతో. మరోవైపు అమెరికాలో గంట లేబర్‌కి 150 డాలర్లకు పైగా అడిగే ఆర్‌వీ షాపులు మామూలే. బోర్డు విప్పి పార్టు స్థాయిలో బాగుచేసేవాళ్లు అరుదు. అదే హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో మాస్‌ఫెట్లు కొనుక్కుని, వీధి చివరి మెకానిక్ దగ్గర సాయంత్రానికి బాగుచేయించుకోవచ్చు. పాడైంది అదే పార్టు అయినా అక్కడ ‘మార్చెయ్’, ఇక్కడ ‘బాగుచేయించు’ అనేది రెండూ సరైన సమాధానాలే.

చవగ్గా మార్చేద్దాం అనుకునేవాళ్లకి

ఆన్‌లైన్‌లో 250, 300 డాలర్లకే 2000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కనిపిస్తుంది, షాపువాళ్లు వెయ్యి చెబుతున్నారేంటి అని అన్న అడిగాడు. రెండూ ఒకే వస్తువు కాదు. అన్న బండిలో ఉన్నది ఇన్వర్టర్, బ్యాటరీ చార్జర్, కరెంట్ మార్చే స్విచ్ మూడూ కలిపిన యూనిట్. చవకది ఇన్వర్టర్ ఒక్కటే. దాన్ని తెచ్చి బండి వైరింగ్‌లో కలిపేస్తే చార్జింగ్ పోతుంది, అంతకంటే పెద్ద తిరకాసు న్యూట్రల్ దగ్గర వస్తుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉండాలి. బయటి కరెంట్‌కి ప్లగ్ చేసినప్పుడు బండిలో అవి విడిపోవాలి. మంచి యూనిట్‌లో ఒక రిలే ఈ పని తనంతట తనే చేస్తుంది. చవకదాంట్లో అది లేకపోతే రక్షణగా ఉండాల్సిన జీఎఫ్‌సీఐ ట్రిప్ అవుతూ ఉండొచ్చు, లేదా అసలు ట్రిప్ అవ్వాల్సినప్పుడు అవ్వకపోవచ్చు. ఈ రెండోదే ప్రాణాంతకం. వాహనాల్లో వాడే ఇన్వర్టర్లకి యూఎల్ 458 అనే ప్రమాణం ఉంది, కొనేముందు అది ఉందో లేదో చూడండి.

బాగున్నదాన్ని కూడా మార్చేయొచ్చు అని నేను చెప్పే సందర్భం ఒక్కటే: లిథియం బ్యాటరీకి మారుతున్నప్పుడు. పాత చార్జర్లు లెడ్ యాసిడ్ కోసం రాసినవి. కొన్ని అప్పుడప్పుడూ ఈక్వలైజ్ పేరుతో 15 వోల్టులు దాటిస్తాయి. 12 వోల్టుల ఎల్ఎఫ్‌పీ బ్యాటరీకి 14.6 మించకూడదు. సెట్టింగ్స్‌లో ఈక్వలైజ్ ఆపి, వోల్టేజ్ మార్చుకునే వీలుంటే సరే. లేకపోతే బ్యాటరీ, ఇన్వర్టర్ రెండూ ఒకేసారి మార్చడం మేలు.

అన్నకి చెప్పింది ఇది: ఇప్పటికి ఫ్యాన్ మార్చి పాతదే ఉంచు, అది ట్రాన్స్‌ఫార్మర్ రకం. వచ్చే ఏడాది లిథియం వేసినప్పుడు కొత్తది చూద్దాం. ఫ్యాన్ వేశాక ఇంటి ముందే రెండు రాత్రులు బ్యాటరీ మీద నడిపి చూడమన్నాను. నడిచింది.

సీప్యాప్‌ని మాత్రం ఇన్వర్టర్ మీద పెట్టొద్దన్నాను, కొత్తదైనా సరే. అలాంటి మెషీన్లకి కంపెనీలు 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే డీసీ అడాప్టర్ అమ్ముతాయి. పెద్ద ఇన్వర్టర్ ఏ లోడూ లేకుండా ఊరికే ఆన్‌లో ఉండటానికే 30 వాట్ల దాకా తింటుంది. పది గంటలకి 300 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో 25 ఆంపియర్ అవర్లు గాల్లో కలిసినట్టు. అన్న దగ్గరున్న రెండు గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలది మొత్తం 220, అందులో సగమే వాడుకోవాలి. ఆ మిగిలిన 110లో 25 అంటే చిన్న సంగతి కాదు. డాక్టర్‌ని అడిగి హ్యుమిడిఫయర్ కూడా ఆపగలిగితే వాడకం ఇంకా బాగా తగ్గుతుంది. అడాప్టర్ ఆర్డర్ పెట్టేముందు మెషీన్ కింద ఉన్న మోడల్ నంబర్ చూసుకోండి, ఒక మోడల్‌ది ఇంకోదానికి పట్టదు.