చేపలు వినునా?

మన చెరువులలోని జెల్ల, వాలుగ చేపల నెరుగని బాలురు లేరు. వానికి వెలుపల చెవులు కానరావు. శబ్దములు చేసినను అవి కదలకుండుట చూచి, అవి చెవిటివని యూరపు పండితులు కొందరు తలంచిరి.

ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను జంతుశాస్త్రజ్ఞుడు (1886–1982) దీనిని పరీక్షింప బూనెను. చూపులేని యొక చిన్న జెల్లజాతి చేపను తొట్టిలో నుంచి, మేత పెట్టునపుడెల్ల ఈల వేయుచుండెను. కొన్ని దినములకు, మేత లేకున్నను, ఈల వినినంతనే అది తాను దాగిన గొట్టమునుండి వెలికి వచ్చెను. ఈ సంగతిని ఆయన 1923లో ప్రకటించెను. పిమ్మట ఆయనయు శిష్యులును చేపలు స్వరభేదమును సైతము గుర్తించునని స్థాపించిరి.

చేప చెవి తలలోపల నున్నది. జెల్ల, వాలుగ, బొచ్చె మొదలగు జాతులలో కడుపులోని గాలితిత్తి ధ్వనికి కంపించును; ఆ కంపనమును చిన్న యెముకల వరుస లోపలి చెవికి జేర్చును. ఆ యెముకలను జర్మనీ పండితుడు వెబరు 1820లోనే వర్ణించియుండెను. జెల్లజాతులు కొన్ని రొమ్ముముల్లును కదలించి, తామును కిర్రుమని శబ్దము చేయును.

ఉపాధ్యాయులమగు మాకు నిందొక పాఠము గలదు. బదులు పలుకని బాలుడు విననివాడు కాడు. వానిని కదలించు పిలుపును మేమింకను కనుగొనలేదేమో!