డెల్టా పల్లెలలో సమాధుల తోటలు

శాసనమనగానే మనకు ద్రాక్షారామ భీమేశ్వరాలయము జ్ఞప్తికి వచ్చును. మండపేటకు చేరువనే ఉన్న ఆ గుడి స్తంభములపైనను గోడలపైనను చాళుక్యచోళుల, వెలనాటి చోడుల కాలపు శాసనములు వందలకొలది కలవు. భూములిచ్చిన రాజులు, అఖండదీపములు పెట్టించిన రాణులు అందు కనిపింతురు. ఆ భూములను దున్నినవారి పేర్లు మాత్రము కానరావు. వారి పేర్లు ఈ సీమలో రాతికెక్కుటకు ఇంకను చాల శతాబ్దములు పట్టినది. ఎక్కిన చోటు గ్రామపు చర్చి ప్రక్కనున్న సమాధుల తోట.

యూరోపియనుల సమాధులు కోస్తాలో అంతకు ముందే ఉన్నవి. బందరులోను భీమునిపట్టణములోను ఉన్న డచ్చివారి సమాధులు చెక్కడపు పనికి పేరుపొందినవి. కాని అవి వర్తకుల స్మారకములు. ఊరి జనమునకు వాటితో సంబంధము లేదు.

పల్లె చర్చి కథ వేరు. 1836లో ఆంటొనీ నారిస్ గ్రోవ్స్ అను మిషనరీ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుండి రెండు జంటలు మన దేశమునకు వచ్చినవి. విలియం బౌడెను రాతిపని చేసిన మనిషి. జార్జి బీరు చెప్పులు కుట్టిన మనిషి. భార్యలతో కూడ వీరు 1837లో నరసాపురము చేరి తెలుగు నేర్చుకొన్నారు. 1832-33 నాటి నందన కరువు గాయములు అప్పటికింకను మానలేదు. 1839లో కోరంగిని ఉప్పెన ముంచినది. అట్టి కాలములో వీరి మాట వినినవారు మొదట బహుకొద్దిమంది.

1847లో ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటను ఆనకట్ట పని ఆరంభించినాడు. 1852లో అది పూర్తియైనది. వేలాది కూలీలు పలుగు పార పట్టి ఒక్కచోట చేరినారు. ఆ కూలీల నడుమనే బౌడెను, బీరు ప్రసంగించుచు తిరిగినారు. బీరు 1853లో మరణించినాడు. బౌడెను 1876 వరకు జీవించినాడు. రాజమహేంద్రవరములో 1845 నుండి లూథరన్ మిషన్ పని సాగినది. ఆ క్షేత్రము ఇతరుల వశము కానున్నదని విని, వృద్ధుడైన హయ్యర్ పాదిరి 1869లో అమెరికా నుండి మరల ఓడనెక్కి వచ్చి దానిని నిలిపినాడు.

దొరలను మాత్రమే తలచుకొన్నచో చరిత్ర సగమే. తోమాసు గాబ్రియేలు తెలుగువాడు, మాల కుటుంబమువాడు. తంతి శాఖలోని సర్కారు కొలువు వదలి కాకినాడలో సంఘమును కూర్చినాడు. ఆయన పిలుపు మీదనే కెనడా బాప్టిస్టులు 1874లో అక్కడికి వచ్చినారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూసినాడు.

పల్లెలో చర్చి మొదట తాటాకు పాక. పగలది బడి, ఆదివారము గుడి. తరువాత పెంకుల కప్పు, ఆ తరువాత గంట. సమాధుల తోటకు మాత్రము స్థలము దొరకుట కష్టము. డెల్టాలో అంగుళము నేలయైనను వరికే చెందును. కనుక పనికిరాని దిబ్బయో, కాలువగట్టు పక్క పోరంబోకో పీనుగుల పాలయ్యెడిది. వానకాలమున గోయి తవ్విన కొలది నీరూరును. బ్రతికినన్నాళ్లు ఇతరుల చేలలో వంగిన మనిషికి ఆరడుగుల పొడినేల కొరకు కూడ బ్రతిమాలుకొనవలసి వచ్చుట ఈ సీమ చరిత్రలో భాగమే.

తెలుగు చదువుకొన్నవారికి ఈ తోటలలో మరియొక సంపద కలదు. పల్లెలలో పేదవాని పేరు చివర 'గాడు' అని, ఆడుదాని పేరు చివర 'ది' అని తగిలించి పిలుచుట నిన్న మొన్నటి వరకు ఉన్న అలవాటు. జ్ఞానస్నానముతో ఆ నోటనే దేవసహాయము, కృపావరము, సత్యానందము, సువార్తమ్మ, కరుణమ్మ అను పేర్లు పలుకవలసి వచ్చినది. మరణమును చెప్పు మాట కూడ మారినది. 'కాలము చేసినారు' అను పలుకుబడి ప్రక్కన 'ప్రభువునందు నిద్రించిరి' అను నుడి పుట్టినది. గౌరవ బహువచనము కూలివానికి దక్కిన తొలి వ్రాత బహుశః ఆ పలకయే కావచ్చును.

చర్చిలోని జ్ఞానస్నానపు, వివాహపు, భూస్థాపనపు రిజిస్టర్లు ఈ పలకలకు తోబుట్టువులు. వీటికి ఒక చిక్కు కూడ కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను ప్రధానముగా హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించినారు. క్రైస్తవులకు విస్తరించలేదు. కావున అనేక కుటుంబములలో బడి రికార్డులో ఒక పేరు, చర్చి పుస్తకములో ఒక పేరు నిలిచినవి. కాగితము మీద చెప్పుకొనలేని పేరును సమాధి పలక చెప్పుచున్నది.

ఈస్టరు తెల్లవారుజామున డెల్టా క్రైస్తవులు సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగింతురు. ఆ భక్తియే ఈ తోటలను ఇంతవరకు కాపాడినది. అయినను ఏటేటా వేయు సున్నముక్రింద పాత అక్షరములు పూడిపోవుచున్నవి. ఇసుకరాయి చెమ్మకు పొరలుగా ఊడును. చోటు చాలక పాత గోయిలోనే క్రొత్త శవమును ఉంచుటయు కలదు. అది జీవించియున్నవారి అవసరము, తప్పు పట్టరాదు. కాని పలక తీయుటకు ముందు పేరు వ్రాసికొనుటకు ఎవరడ్డు?

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఇది. సంఘపెద్దల అనుమతి పొంది, ఒక్క సెలవునాడు విద్యార్థులను వెంటబెట్టుకొని మీ ఊరి తోటకు పొండు. ఒక్కొక్క పలకను ఒక్కొక్క పుటలో, తప్పులు దిద్దక, ఉన్నది ఉన్నట్లు వ్రాయించుడు. పేరు, ఏడు, ఊరు, వ్రాత — ఇంతే చాలును. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి చర్చిలో ఉంచుడు. ద్రాక్షారామ శాసనములను కూడ ఒకనాడు ఎవరో కూర్చుండి ఓపికగా అక్షరమక్షరము ఎత్తివ్రాసికొన్నందుననే మనము నేడు చదువగలుగుచున్నాము.